రాజ్యం మునక

అమలాపురం,
ఆదివారం మధ్యాహ్నం.

కువైట్‌లో ఉన్న మా అక్క నూకాలమ్మకి తమ్ముడు కామరాజు నమస్కారాలు పెట్టి రాసుకునే ఉత్తరం.

ఇక్కడ మేమందరం క్షేమం. ఈ ముక్క ప్రతి ఉత్తరంలోనూ చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఈసారి అలా కాదు, ఒక్కొక్కరి మొహం తలుచుకుని రాస్తున్నాను. మమత, పిల్లలు క్షేమం. గంగబాబు క్షేమం. వాళ్లమ్మ దుర్గాభవానమ్మ క్షేమం. రాజ్యం పిన్ని కూడా క్షేమం.

అవునక్కా, సరిగ్గానే చదివావు. నా పుస్తకంలో నేను ముంచి చంపేసిన రాజ్యమే. మోకాళ్ల నొప్పులు తప్ప ఏ రోగమూ లేకుండా రావులపాలెంలో అరటిపళ్లు అమ్ముకుని బతుకుతోంది. కిందటి ఆదివారం కళ్లారా చూశాను, తిట్లు కూడా తిన్నాను. పదకొండు నెలల తర్వాత నాకు ఆకలి వేస్తోంది.

"ఫోన్లో నువ్వు అరుస్తావు, నన్ను మాట్లాడనివ్వవు. చెప్పేదేదో కాగితం మీద రాయి" అని నువ్వు నా నంబరు బ్లాక్ చేసి కూడా పదకొండు నెలలే. అందుకని ఈ కాగితాలు ఫోటో తీసి మమత ఫోన్ నుంచి పంపుతున్నాను. మమతని నువ్వు బ్లాక్ చెయ్యలేదు. న్యాయమే.

ముందు నీ ఉత్తరంలో నువ్వడిగిన వాటికి జవాబు. నీ కొబ్బరిచెట్లకి పట్టిన తెల్లదోమ వానలకి చాలావరకు తగ్గింది. దొడ్డివైపు రెండు చెట్ల ఆకులు మాత్రం ఇంకా మసి పూసినట్టే ఉన్నాయి. మందు కొట్టమని ఆఫీసువాళ్లు చెప్పారు, కొట్టొద్దని మరో ఆఫీసువాళ్లు చెప్పారు. ఈ దేశంలో దోమకి ఉన్నంత స్పష్టత కూడా అధికారులకి లేదు. సరే, అది వదిలేస్తాను. ఉత్తరంలో ఉపన్యాసం వద్దన్నావు కదా.

"నేను చెప్పిన కథలో రాజ్యం చచ్చిపోయిందని ఎక్కడ చెప్పానురా?" అని అడిగావు. ఎక్కడా చెప్పలేదక్కా. నాకు ఆరేళ్లు, నీకు పదకొండు. అమ్మ చేపల గంప ఎత్తుకుని సంతకి పోయేది. మనిద్దరం ఎండుచేపలు తిరగేస్తూ కూర్చునేవాళ్లం. నేను ఎటు పారిపోతానోనని నువ్వు పేట చుట్టూ కథలతో దడి కట్టావు. కాలవ మీది లాకు ఇనప పళ్ల రాకాసి. మడ అడవి పులి అత్తారిల్లు, అక్కడికి పిలవని పేరంటానికి వెళ్తే కూరలో వేసేస్తారు. ఇక ఏటిపాయ మలుపులో, రాజ్యం మునక అని అందరూ పిలిచే ఆ లోతులో, రాజ్యం నీళ్ల కింద కూర్చుని వల అల్లుతూ ఉంటుంది. నూలు చాలదు. ఒడ్డుకొచ్చిన పిల్లల జుట్టు పీక్కుని అల్లుకుంటుంది.

నేను ఆ మలుపు వైపు వెళ్లినప్పుడల్లా రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని నడిచేవాణ్ని. ఆ భయమే నన్ను బతికించింది. కాదనను.

కానీ నీళ్ల కింద ఉండే మనిషి బతికున్న మనిషి ఎలా అవుతుంది? పైగా పెద్దవాళ్లు రేవులో మాట్లాడుకునేవారు: "పాపం, మొగుడు పోయేడు, ఏడాది తిరక్కుండా రాజ్యవూ పోయింది." ఒకే వాక్యంలో రెండు పోవడాలు. మొగుడు నూకరాజు పోవడం కాటికి, రాజ్యం పోవడం మస్కట్‌కి. ఆరేళ్లవాడికి తేడా ఎలా తెలుస్తుంది? మునక అంటే మునిగిపోవడం, పోవడం అంటే చావడం. నా బుర్రలో ఆ రోజే శవం తేలింది.

ఆరేళ్లవాడి తప్పు అది. యాభై ఏళ్లవాడు దాన్నేం చేశాడో నీకు తెలుసు. వల మీద వాటా అడిగినందుకు బావగారు సూరిబాబే రాజ్యాన్ని పడవలోంచి తోసేశాడని పుస్తకంలో రాశాను. పేర్లు మార్చలేదు. "నిజం రాసేవాడికి పేర్లు మార్చే ఖర్మేమిటి?" అని ముందుమాటలో గర్జించాను కూడా. "మా పిన్ని మస్కట్ వెళ్లిందండీ, మా నాన్నే బొంబాయి దాకా వెళ్లి విమానం ఎక్కించేడు" అని సూరిబాబు కొడుకు గంగబాబు మనిషి చేత చెప్పించాడు. "ఏదీ, ఒక్క ఉత్తరం చూపించమనండి" అని వారపత్రికలో రాశాను. ఉత్తరాలన్నీ తొంభై ఆరు తుఫానులో, సూరిబాబుతో పాటే కొట్టుకుపోయాయని అది రాసేటప్పుడు నాకు తెలుసు.

నువ్వు రాశావు, "అమ్మ సంతకి పోయిన రోజుల్లో దుర్గాభవానమ్మ మనకి గంజి పోసింది. ఆ గంజి తాగిన నోటితోనే ఆ ఇంటి మీద ఉమ్మేవు" అని. అది చదివి నీ మీద కోపంతో ఊగిపోయాను. గంజికీ సత్యానికీ సంబంధం లేదని, కృతజ్ఞతే బానిసత్వానికి మొదటి మెట్టని నీకో ఆరు పేజీలు రాశాను. పంపలేదు. మంచిపని చేశాను.

పుస్తకం చదివినవాళ్లు రావడం మొదలుపెట్టారు. భీమవరం నుంచి, రాజమండ్రి నుంచి వ్యాన్లు కట్టించుకుని మరీ. నేనే దగ్గరుండి తిప్పేవాణ్ని. లాకు చూసి ఒకావిడ, "ఇదేనాండీ ఇనప పళ్ల రాకాసి? మా వీధి కాలవకి ఇంతకంటే పెద్ద తలుపుందండీ" అంది. ఆరేళ్ల వయసులో చూడండమ్మా, అప్పుడు పళ్లు కనిపిస్తాయి అన్నాను. పులి అత్తారింటి చుట్టూ ఇప్పుడు రొయ్యల చెరువులు. చెరువులకి గాలి కొట్టే చక్రాలు తిరుగుతుంటే మాట వినపడదు, పులి వచ్చినా తల నొప్పి పుట్టి వెళ్లిపోతుంది. ఇవన్నీ చూశాక అందరూ చివరికి అడిగేది ఒకటే. "ఆ ఇల్లు ఏదండీ?"

వేలెత్తి చూపించేవాణ్నక్కా. వాళ్లు ఫోటోలు తీసుకునేవారు. ఓ నెలకి గంగబాబు ఇంటి ముందు తాటాకు దడి కట్టాడు, మనిషెత్తు. రేవులో వాడి ఇంజను పడవ ఎక్కితే, చిన్నప్పుడు "ఒరే కావరాజూ" అని పిలిచినవాడు "మేష్టారూ, కాస్త జరగండి" అనేవాడు. ఆ "మేష్టారూ" అనే మాటలో ఎంత ఉప్పుందో పడవలో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

ఇక కిందటి ఆదివారం సంగతి. మన పేట కుర్రాళ్ల సంఘానికి సాయిదుర్గాప్రసాద్ అని ఒకడు పెద్ద. వాడికి నా పుస్తకమంటే ప్రాణం. మలుపు దగ్గర నల్లరాయి పాతించాడు. "రాజ్యం మునిగిన చోటు" అని దాని మీద చెక్కించారు. మాటలు నావే. ఫ్లెక్సీలో నాయకుల బొమ్మలు తొమ్మిది, నాదొకటి. రాజ్యం బొమ్మ లేదు, ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు కనక. మామూలుగా అయితే దీని మీద నేనొక వ్యాసం రాసేవాణ్ని. ఆ రోజు నా బొమ్మ కూడా ఉండడంతో ఊరుకున్నాను.

మైకు ఇచ్చారు. "ఈ నీళ్లు నీళ్లు కావు, ఒక ఆడదాని గొంతు నొక్కిన చేతులు" అని అందుకున్నాను. గంగబాబు దూరంగా రేవులో, వీపు ఇటు పెట్టి ఇంజనుకి ఏదో మరమ్మతు చేసుకుంటున్నాడు. నా మాటలు ఆ వీపుకి తగలాలనే గట్టిగా అంటున్నాను.

వెనక నుంచి ఎవరో, "బాబూ, చిన్న మాటండి" అన్నారు. చూస్తే ఒక పెద్దావిడ. చేతిలో చక్కెరకేళి అరటిపళ్ల అత్తం. పక్కన కాలేజీ చదివే పిల్ల.

"ఆ చచ్చిపోయినావిడ ఇంటిపేరేంటండీ?"

"అమ్మా, పేదవాళ్ల ఇంటిపేర్లు చరిత్ర రాసుకోదు" అన్నాను. చప్పట్లు కొట్టారు.

"చరిత్ర రాసుకోపోతే రేషను కార్డులో రాసుకున్నారండి. పోనీ, మొగుడి పేరు?"

"నూకరాజు."

"ఆయ్. బావగారు సూరిబాబు, తోటికోడలు దుర్గాభవాని. అంతేనాండీ?"

"అంతే. వాళ్లే ఆవిణ్ని..."

"మరి నేనెవర్నండీ?"

అక్కా, నేను ముప్పై ఏళ్లుగా వేదికల మీద మాట్లాడుతున్నాను. ఆ రోజు మైకులోంచి నా ఊపిరే వినిపించింది అందరికీ. ఆ పిల్ల చెప్పింది, "మా అమ్మమ్మండీ. నా పేరు అక్షయ. ఫేస్‌బుక్కులో మీ ఆహ్వానం చూసి చదివి వినిపించేను. నే చచ్చిపోయిన చోటు చూసొద్దాం పదవే అని ఒకటే గొడవండి. తెల్లారగట్ల బస్సెక్కించింది."

గంగబాబు తిరిగి చూశాడు. పానా నీళ్లలో పడేశాడు. "పిన్నీ!" అని ఒక్క కేక. పరుగెత్తుకుంటూ ఇంటికెళ్లి, దడి తోసుకుని వాళ్లమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. దుర్గాభవానమ్మకి చూపు సరిగా ఆనదు. దగ్గరికొచ్చి ఆవిడ చెవులు తడిమింది, మొహం తడిమింది.

"ఒసే రాజ్యం. బతికుండి కూడా రాలేదేంటే?"

"తుఫాన్లో సూరిబాబు ఇల్లు పోయిందన్నారక్కా. ఇంటిల్లిపాదీ అనుకున్నాను. ఇంకెవర్ని చూడ్డానికి రాను?"

"ఇల్లు పోయింది. ఆయన పోయేరు. నేనూ పిల్లోడూ తాడిచెట్టుని కావిలించుకుని మిగిలేం."

చూశావా, మళ్లీ అదే మాట. ఆవిడ మస్కట్‌లోనే రావులపాలెం ఆయన్ని చేసుకుంది. తుఫాను మరుసటేడు తిరిగొచ్చింది. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే దూరంలో ఉండి, ఇన్నేళ్లూ వీళ్లు పోయారని ఆవిడ, ఎటు పోయిందోనని వీళ్లు. ఒక్క మాటకి ఇన్ని అర్థాలు పెట్టుకుని బతుకుతున్నాం మనం.

మునక కథ రాయి గట్టు మీద కూర్చుని ఆవిడే చెప్పింది. పేటంతా కలిసి అల్లుకున్న పెద్దవల ఆ లోతులో మాను మొద్దుకి చిక్కుకుందట. ముగ్గురు మగాళ్లు మునిగి ఉత్త చేతులతో తేలారు. ఆడవాళ్లు వల దాటకూడదని అప్పట్లో కట్టుబాటు, ఆడది ముట్టుకుంటే చేప పడదని. "దాటొద్దన్నారు గానీ కిందనించి దూరొద్దనలేదు కదండీ" అని ఆవిడ నవ్వింది. మునిగింది, వల విడదీసింది, లేచింది. కట్టుబాటు తప్పిందని పెద్దలు గుడ్లురుముతుంటే దుర్గాభవానమ్మ తన పైట విప్పి ఆవిడకి కప్పిందట. "నా మరదలి జోలికి రండి చూద్దాం" అని నిలబడింది సూరిబాబట, చేతిలో తెడ్డుతో. రాజ్యం వేసిన మునక గనక అది రాజ్యం మునక. నేను హంతకుల్ని చేసిన ఇంట్లోవాళ్లే ఆ రోజు పేటలో ఉన్న ఇద్దరు అభ్యుదయవాదులు.

తర్వాత ఆవిడ చీర కాస్త ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగింది. పాయ ఇసక మేట వేసేసిందక్కా. నువ్వు నన్ను భయపెట్టిన ఆ అగాధం ఇప్పుడు మోకాలి లోతు. "ఇందులోనా బాబూ నేను మునిగిపోయింది? ఎవరన్నా వింటే నా పరువేం గాను!" అంటే పేటంతా పగలబడి నవ్వారు. గంగబాబు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఒక మనిషిని చంపిన నేరం నెత్తి మీంచి దిగిపోతే ఎంత తేలికో అప్పుడే తెలిసింది. చంపింది సూరిబాబు కాదు కదా, నేను.

ఆ గొడవలోనే నేను మైకు అందుకుని, "తెలియక రాశాను, క్షమించండి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. తప్పు ఒప్పుకున్న పెద్దమనిషినయ్యాను. అక్కడితో ఈ ఉత్తరం ముగించి, నంబరు తియ్యవే అక్కా అని రాసేసి ఉండొచ్చు.

కానీ నీ రెండో ప్రశ్న ఉండిపోయింది. "రాజ్యం పిన్ని మస్కట్ వెళ్లిందని నాకు గుర్తే. పుస్తకం రాసేముందు నన్ను ఒక్క మాట ఎందుకు అడగలేదురా?"

తెలియక కాదక్కా. తెలిసే.

వీరవెంకటసత్యనారాయణ గుర్తున్నాడు కదా, మనం సత్తియ్య తాత అనేవాళ్లం. ఆ రోజు ఉత్త చేతులతో తేలిన ముగ్గురిలో ఆయనొకడు. పుస్తకం రాయడానికి ముందు ఆయన దగ్గర కూర్చుని రాసుకున్నాను. "మునిగింది, లేచింది కూడాను. లేచి మా ముగ్గురి మొహానా నీళ్లు కొట్టింది" అన్నాడు. నా నోటుపుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. ఆ పేజీ ఫోటో కూడా దీంతో పంపుతున్నాను, నమ్మకపోతే చూసుకో.

ఆ పేజీ నేను వదిలేశాను. ఎందుకంటే లేచిన రాజ్యంతో నాకు పని లేకపోయింది. లేచిన మనిషి తన మాట తనే చెప్పుకుంటుంది. మునిగిపోయిన మనిషి తరఫున అయితే నేను మాట్లాడొచ్చు, అరవొచ్చు, మైకు పట్టుకోవచ్చు. ఆడవాళ్లని వీళ్లు దేవతల్ని చేస్తారు తప్ప మనుషుల్ని చెయ్యరని ఊరూరా తిరిగి తిట్టాను. నేను చేసిందేమిటి? దేవతకి బదులు శవాన్ని చేశాను. నిన్ను అడిగితే నువ్వూ తాత చెప్పిందే చెబుతావని తెలుసు. అందుకే అడగలేదు.

ఇంకొకటి కూడా ఉంది, ఇది మమతకి కూడా నిన్నటిదాకా చెప్పలేదు. పుస్తకం అచ్చయ్యాక తాత చదివి వినిపించమన్నాడు. లాకు కథ చదివాను, పులి అత్తారిల్లు చదివాను. రాజ్యం మునక వచ్చేసరికి నాలుగు కాగితాలు ఒక్కసారే తిప్పేశాను. "మరి మన రాజ్యం కథ లేదా?" అన్నాడు. "చోటు చాల్లేదు తాతా" అన్నాను. ఆ ఏడాదే పోయాడు. పోయాడంటే నిజంగానే.

ఈ మాట ముందు నీకే రాద్దామనుకున్నాను. కానీ ముందు వినాల్సింది ఆ ఇల్లు. నిన్న నోటుపుస్తకం పట్టుకుని వెళ్లాను. దడి తీసేశారు. రాజ్యం పిన్ని అక్కడే ఉంది, వారం రోజులుగా రావులపాలెం వెళ్లలేదు. ముగ్గురి ముందూ కూర్చుని తాత చెప్పిన పేజీ చదివాను. పుస్తకం రాసేటప్పటికే నాకీ సంగతి తెలుసని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

గంగబాబు నోటుపుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. "ఒరే కావరాజూ. పుస్తకంలో ఎక్కించిన తప్పు నోటితో చెప్తే దిగిపోద్దేంట్రా? పుస్తకంలోనే దింపు."

"దింపుతాను" అన్నాను. మేష్టారూ అనలేదని ఇంటికొచ్చేదాకా గమనించలేదు.

దుర్గాభవానమ్మ లేచి లోపలికెళ్లింది. వెళ్లగొడుతుందనుకున్నాను. గిన్నెతో వచ్చింది. "గంజే. నీకలవాటే గదా. ముందు తాగు, ఏడిస్తే తర్వాత ఏడుద్దువు గాని" అంది. కృతజ్ఞత గురించి నేను రాసిన ఆరు పేజీలూ గుర్తొచ్చాయి. గంజి వేడిగా ఉంది. తాగాను.

ఇవాళ పొద్దున్నే వారపత్రికకి రాసి పంపేశాను, తెలిసే రాశానన్న మాటతో సహా. పుస్తకం మళ్లీ వేసినప్పుడు ఆ కథ రాజ్యం పిన్ని చెప్పినట్టే ఉంటుంది. అట్ట మీద, "కథలు చెప్పింది నూకాలమ్మ" అని ముందు నీ పేరు, దాని కింద నా పేరు. ఇది నేను మొదటిసారే చెయ్యాల్సింది. ఎందుకు చెయ్యలేదో నన్నడక్కు, ఒక ఉత్తరానికి ఒక సిగ్గు చాలు.

రాయి తీయించేద్దామని సాయిదుర్గాప్రసాద్ అన్నాడు. రాజ్యం పిన్ని ఒప్పుకోలేదు. "నా పేరు రాతి మీద ఇంకెవడు చెక్కుతాడండీ? ఉండనివ్వండి. మిగిలింది కూడా చెక్కించండి" అంది. శిల్పి మొన్న గురువారం వచ్చాడు. చోటు తక్కువని గొణిగి, అక్షరాలు కాస్త చిన్నవి చేసి చెక్కాడు. పాత మాట చెరపలేదు. ఇప్పుడిలా ఉంది:

రాజ్యం మునిగిన చోటు
లేచిన చోటు కూడా ఇదే

ఆవిడకి చదువు రాదు. అక్షయ చదివి వినిపిస్తే రెండో వరుస మీద అరచెయ్యి పెట్టి, "ఆయ్, ఇప్పుడు సరిపోయింది" అంది.

నిన్న నేను వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి అడిగింది. "ఆ నీళ్ల కింద వల అల్లే కథ ఎవరిది బాబూ, నీదా?" కాదు పిన్నీ, మా అక్క నూకాలుది అన్నాను. "అనుకున్నాను. అది మాత్రం తీసెయ్యకు, బాగుంది. అయితే నలభై ఏళ్లపైన అయ్యింది కదా, ఆ వల ఎప్పటికవుద్దంట?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదక్కా. కథ నీది. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని ఎదురుచూస్తోంది. ఉత్తరంలో రాసి పంపినా సరే, ఫోన్ చేసి చెప్పినా సరే. చేస్తే నేను అరవను.

ఇట్లు,
నెత్తి మీంచి చేతులు తీసేసిన నీ తమ్ముడు,
కామరాజు